పార్వతీపురంలో రెండు ఓట్లు

1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణ రెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయన్న మాట మనలో చాలామంది వినే ఉంటారు. కమ్యూనిస్టు కుటుంబాల్లో పుట్టినవాళ్లు గర్వంగా చెప్తారు, మిగతావాళ్లు క్విజ్ పోటీల్లో నేర్చుకుంటారు. మాట నిజమే. హైదరాబాద్ రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం ఉండటంతో పీడీఎఫ్ పేరుతో నిలబడిన ఆయనకు మూడు లక్షల పైచిలుకు ఓట్లు పడ్డాయి. నెహ్రూకి రెండున్నర లక్షలు కూడా దాటలేదు.

ఈ కథలో సాధారణంగా చెప్పని ముక్క ఒకటుంది. ఆ రోజు నల్లగొండ నుంచి లోక్‌సభకి ఒకరు కాదు, ఇద్దరు వెళ్లారు. రెండో ఆయన పేరు సుకం అచ్చాలు. ఆయనా పీడీఎఫ్ అభ్యర్థే, షెడ్యూల్డు కులాలకి రిజర్వయిన సీటు నుంచి గెలిచారు. అలహాబాద్ వైపు నెహ్రూ గెలిచిన నియోజకవర్గం నుంచి కూడా ఇద్దరే వెళ్లారు: నెహ్రూ, ఆయనతో పాటు మసూరియా దిన్. కాబట్టి ఇద్దరు నాయకుల మధ్య పోలికకి ఢోకా లేదు. నన్ను ఆపింది వేరే విషయం. రావి నారాయణ రెడ్డి పేరు తెలిసిన పదిమందిలో సుకం అచ్చాలు పేరు తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉంటారా? ఒకే ఊళ్లు, ఒకే ఓటర్లు, ఒకే రోజు గెలిపించిన ఇద్దరిలో ఒకరిది చరిత్ర అయింది, ఇంకొకరిది జాబితాలో పేరుగా మిగిలింది.

ఆ 'ఇద్దరు' అన్న ఏర్పాటు గురించే ఈ వ్యాసం. మన దేశంలో కేవలం రెండు సాధారణ ఎన్నికల పాటు బతికి, 1961లో రద్దయిన ద్విసభ్య నియోజకవర్గాల గురించి.

లెక్క ముందు చెప్తాను. తొలి లోక్‌సభలో ఎన్నికయ్యే సీట్లు 489, నియోజకవర్గాలు మాత్రం 401. అందులో 314 చోట్ల ఒక్కో సభ్యుడు, 86 చోట్ల ఇద్దరిద్దరు, ఉత్తర బెంగాల్లో ఒక్కచోట ముగ్గురు. 1957లో 494 సీట్లకి 403 నియోజకవర్గాలు, వాటిలో ద్విసభ్యం 91. శాసనసభల్లోనూ ఇదే తీరు. 1952 హైదరాబాద్ అసెంబ్లీలో 175 సీట్లుంటే 33 నియోజకవర్గాలు ద్విసభ్యాలు. 1955 ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికల్లో 196 సీట్లకి అలాంటివి 29. అంటే మన తాతల తరంలో చాలామంది ఒకే ఎన్నికలో రెండు ఓట్లు వేసి వచ్చారన్నమాట.

ఎలా వేశారు? అప్పుడు బ్యాలెట్ కాగితం మీద ముద్ర వేసే పని లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. ఓటరు కాగితం తీసుకెళ్లి నచ్చిన పెట్టెలో వెయ్యాలి. ద్విసభ్య నియోజకవర్గంలో రెండు కాగితాలు ఇస్తారు. రెండింటినీ రెండు వేర్వేరు పెట్టెల్లో వెయ్యాలి, ఒకే అభ్యర్థికి రెండూ వెయ్యకూడదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఉన్న నియమం ఇది.

ఈ చిన్న నియమం వెనక పెద్ద చరిత్ర ఉంది. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్ ప్రకటించిన కమ్యూనల్ అవార్డు, అణగారిన కులాలకి ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. వాటిలో వాళ్ల ప్రతినిధిని వాళ్లే ఎన్నుకుంటారు, పైగా సాధారణ నియోజకవర్గంలో కూడా ఓటు ఉంటుంది. రౌండ్ టేబుల్ సమావేశాల్లో అంబేద్కర్ పోరాడి సాధించుకున్నది ఇదే. గాంధీ ఎరవాడ జైల్లో నిరాహారదీక్షకి కూర్చున్నారు. సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం మీద సంతకాలయ్యాయి. రాష్ట్ర శాసనసభల్లో సీట్లు 148కి పెరిగాయి, కానీ ఆ సీట్లకి ఓటేసేది అన్ని కులాలవాళ్లూ కలిసి. సంఖ్య పెరిగింది, ఎంపిక చేతులు మారింది. మధ్యేమార్గంగా ఒక ప్రాథమిక ఎన్నిక పెట్టారు. అందులో అణగారిన కులాల ఓటర్లే నలుగుర్ని ఎంచుతారు, ఆ నలుగురిలోంచి ఒకర్ని అందరూ ఎన్నుకుంటారు. రాజ్యాంగం వచ్చేసరికి ఆ ప్రాథమిక ఎన్నిక కూడా పోయింది. మిగిలింది ఉమ్మడి ఓటు, రిజర్వు సీటు. ఈ రెంటినీ ఒకే నియోజకవర్గంలో అమర్చడానికి దొరికిన పాత్రే ద్విసభ్య నియోజకవర్గం.

ఎన్నికల పద్ధతుల్ని చదివే పండితులు దీన్ని బ్లాక్ ఓటు అంటారు. ఎన్ని సీట్లుంటే అన్ని ఓట్లు, ఒక మనిషికి ఒకటే. దీని స్వభావం అర్థం కావడానికి వంద మంది ఓటర్ల ఊరు ఒకటి ఊహించుకోండి. 66 మంది ఒక పక్షం, 34 మంది ఇంకో పక్షం. రెండు సీట్లు. బ్లాక్ ఓటులో పెద్ద పక్షం తన ఇద్దరికీ 66 చొప్పున వేస్తుంది, చిన్న పక్షం 34 దగ్గర ఆగిపోతుంది. రెండు సీట్లూ పెద్ద పక్షానివే. ఇప్పుడు ఒక్క నియమం మార్చండి: కావాలంటే రెండు ఓట్లూ ఒకే మనిషికి వేసుకోవచ్చు అనండి. చిన్న పక్షం 34 మందీ తమ 68 ఓట్లు ఒక్కడికే వేస్తారు. పెద్ద పక్షం తన 132 ఓట్లని ఎలా పంచినా ఇద్దరికీ 68 దాటించలేదు. ఒక సీటు చిన్న పక్షానికి ఖాయం. జనం మారలేదు, అభిప్రాయాలు మారలేదు. మారింది ఒక్క వాక్యం. రోజూ కోడ్ రాసి బతికేవాణ్ని కాబట్టి ఇలాంటి చోట నా చూపు ఆగిపోతుంది. ఒక షరతు అటూ ఇటూ అయితే ఔట్‌పుట్ మొత్తం తిరగబడుతుందని మాకు రోజూ కనబడేదే. కాకపోతే మా దగ్గర ఆ షరతు రాసినవాడి పేరు రికార్డులో ఉంటుంది.

ఆ రెండో పద్ధతిని క్యుములేటివ్ ఓటు అంటారు. 1937లో బొంబాయి రాష్ట్రంలో ఉన్నది అదే, ఆ ఎన్నికల్లో అంబేద్కర్ బొంబాయి నగరం నుంచి గెలిచారు. 1952లో ఆయన అదే నగరంలో ఉత్తర బొంబాయి ద్విసభ్య నియోజకవర్గం నుంచి లోక్‌సభకి నిలబడ్డారు. జనరల్ సీటుకి ఆయన మిత్రపక్షం సోషలిస్టు పార్టీ నుంచి అశోక్ మెహతా. ఇద్దరూ ఓడిపోయారు. రిజర్వు సీటు కాంగ్రెస్ అభ్యర్థి నారాయణ కజ్రోల్కర్ కి వెళ్లింది, తేడా 14 వేల పైచిలుకు. అంబేద్కర్, మెహతా కలిసి వేసిన ఎన్నికల పిటిషన్లో చెల్లకుండా పోయిన ఓట్ల సంఖ్య 74,333 అని చూపించారు. రెండు ఓట్లూ ఒకరికే వేసి పాడుచేసుకోమని కమ్యూనిస్టులు ప్రచారం చేశారని ఆరోపించారు. ఫలితం మారలేదు. ఓటమికి కాంగ్రెస్ గాలి దగ్గర్నుంచి ఇంకా చాలా కారణాలున్నాయి, అంతా నియమం మీదకి నెట్టడం సరికాదు. కానీ పదిహేనేళ్ల క్రితం అదే నగరంలో చెల్లుబాటైన పని, ఒకే మనిషికి రెండు ఓట్లు వెయ్యడం, ఇప్పుడు చెల్లని ఓటు అయిందన్నది వాస్తవం. పూనాలో అంబేద్కర్ కి ఉన్న భయమూ ఇదే: మా ప్రతినిధి ఎవరో మేం కాక మిగతావాళ్లు తేలుస్తారని. రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షత వహించిన మనిషిని, తన వర్గానికి కేటాయించిన సీటులో, మొత్తం ఓటర్లు కలిసి ఓడించారు.

ఇక మన దగ్గరికి వద్దాం. 1957, పార్వతీపురం.

ఇది కూడా ద్విసభ్య లోక్‌సభ నియోజకవర్గం. ఒక సీటు జనరల్, ఒకటి షెడ్యూల్డు తెగలకి. బరిలో నలుగురు. కాంగ్రెస్ తరఫున జనరల్ సీటు మీద కన్నేసిన మనిషి వి.వి. గిరి. 1937లో బొబ్బిలి రాజాని ఆయన సొంత గడ్డ మీద ఓడించిన మనిషి, కేంద్రంలో కార్మిక మంత్రిగా ఉండి 1954లో రాజీనామా చేసి వచ్చిన మనిషి. ఇద్దరు గిరిజన అభ్యర్థులు: బిడ్డిక సత్యనారాయణ, దిప్పల సూరి దొర. ఓట్లు లెక్కపెడితే మొదటి రెండు స్థానాల్లో ఆ గిరిజన అభ్యర్థులే ఉన్నారు. గిరి మూడో స్థానం. సూరి దొరకీ ఆయనకీ మధ్య తేడా కొన్ని వందల ఓట్లు.

చట్టంలో 54వ సెక్షన్ లెక్కింపు క్రమం చెప్తుంది. ముందు, రిజర్వు సీటుకి అర్హత ఉన్నవాళ్లలో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లకి ఆ సీటు. తర్వాత మిగిలిన అందరిలో ఎవరికి ఎక్కువొస్తే వాళ్లకి జనరల్ సీటు. 'మిగిలిన అందరిలో' అన్నచోట కులం, తెగ అన్న షరతు లేదు. కాబట్టి రిజర్వు సీటు ఒక గిరిజనుడికి వెళ్లింది, జనరల్ సీటు ఇంకో గిరిజనుడికి వెళ్లింది. మాజీ కేంద్రమంత్రి ఇంటికి వెళ్లారు.

గిరి ఊరుకోలేదు, కోర్టుకి వెళ్లారు. వాదన రెండు పాయలు. ఒకటి, రిజర్వు సీటుకని ప్రకటించుకుని నామినేషన్ వేసిన మనిషిని జనరల్ సీటుకి ఎన్నికైనట్టు ప్రకటించడం కుదరదు. రెండు, సూరి దొర అసలు ఇప్పుడు గిరిజనుడే కాదు. పుట్టుక మూక దొర తెగలో అయినా, క్షత్రియ ఆచారాలు పాటిస్తూ క్షత్రియుడైపోయాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే నాకు ఒకే మాట వినబడుతుంది. గిరిజనుడైతే అతని చోటు ఆ రిజర్వు గీత లోపలే. గీత దాటి పైకి వచ్చాడంటే గిరిజనుడు అయ్యుండడు.

1959లో సుప్రీంకోర్టు గిరి అప్పీలు కొట్టేసింది. మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ గజేంద్రగడ్కర్. జస్టిస్ జె.ఎల్. కపూర్ విభేదించి వేరుగా రాశారు. మెజారిటీ చెప్పినదాని సారం ఇది. రిజర్వు సీటుకి అర్హత అన్నది అదనపు హక్కు, అది జనరల్ సీటు మీద అందరితో పాటు ఉన్న హక్కుని తీసెయ్యదు. ఎన్నిక ఒక్కటే, దాని ఆధారంగానే రెండు సీట్లూ తేలతాయి. ఇక కులం సంగతి: ఒక మనిషి తన గురించి తను ఏం చెప్పుకున్నాడు, ఏ ఆచారాలు పాటించాడు అన్నది చాలదు. చేరాలనుకున్న కులం అతన్ని తనవాడిగా ఒప్పుకుందా అన్నది చూడాలి.

తీర్పులోని ఆ మొదటి భాగం ఎంత ముఖ్యమో ఒకసారి ఆలోచించండి. రిజర్వేషన్ అంటే కింద పరిచిన నేల, నెత్తి మీద వేసిన కప్పు కాదు అని దేశపు అత్యున్నత న్యాయస్థానం అంత తొందరగా, అంత సూటిగా చెప్పింది. ఉద్యోగాల్లో, కాలేజీ సీట్లలో ఇదే ప్రశ్న మీద, మెరిట్‌లో వచ్చిన రిజర్వుడు విద్యార్థిని ఏ లెక్కలో వెయ్యాలన్న దాని మీద, మనం ఇవాళ్టికీ కొట్టుకుంటున్నాం.

తీర్పు వచ్చిన రెండేళ్లలోపే, 1961లో, ద్విసభ్య నియోజకవర్గాల రద్దు చట్టం వచ్చింది. ఒక్కోదాన్నీ రెండు ముక్కలు చేసి, ఒక ముక్కని రిజర్వు చేశారు. చెప్పిన కారణాలు న్యాయమైనవే. రాజ్యాంగం మొదటి పాఠం ప్రకారం ఒక సభ్యుడికి అయిదు నుంచి ఏడున్నర లక్షల జనాభా ఉండాలి. ఇద్దరంటే పది, పదిహేను లక్షలు. రోడ్లు సరిగా లేని కాలంలో పార్వతీపురం లాంటి ఏజెన్సీ ప్రాంతంలో ఆ మేర ప్రచారం చెయ్యడం డబ్బున్నవాళ్లకే సాధ్యం. గెలిచాక ఎవరు ఎవరికి జవాబుదారీ అన్నదీ తేలదు. ఇవన్నీ ఒప్పుకోవాల్సిందే. అయినా చట్టం ఏం చేసిందో కూడా చూడాలి. 54వ సెక్షన్‌లోని ఆ 'మిగిలిన అందరిలో' అన్న మాట పుస్తకంలోంచి పోయింది. పార్వతీపురం ఎస్టీ రిజర్వుడు ఏకసభ్య నియోజకవర్గం అయింది. 1957లో జరిగినట్టు ఒక గిరిజనుడు జనరల్ సీటుని ఓట్లతో తెచ్చుకునే దారి మూసుకుపోయింది. ఆ దారి మూయడం కోసమే చట్టం తెచ్చారని నేననను. మూసుకుపోయిందని మాత్రం గుర్తు చేస్తాను.

ఇక్కడ ఒక తమాషా. మన దేశం ప్రజాప్రాతినిధ్య చట్టం రాసుకుని తొలి ఎన్నికలకి వెళ్లిన 1951లోనే రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి మోరిస్ డువెర్జే పార్టీల మీద రాసింది. ఒక సీటు, ఎక్కువ ఓట్లొచ్చినవాడే విజేత అన్న పద్ధతి రెండు పార్టీల వైపు తోస్తుందన్నాడు. ఇంకోటి కెన్నెత్ ఆరో రాసింది. కనీస న్యాయంగా అనిపించే కొన్ని షరతుల్ని అన్నిటినీ ఒకేసారి తీర్చే ఓటింగ్ పద్ధతి ఉండదని గణితంతో నిరూపించాడు. ఇక 1967లో హానా పిట్కిన్ 'ప్రాతినిధ్యం అనే భావన' మీద ఒక పుస్తకం రాసింది. ఈ రంగంలో ఎవరు ఏం రాసినా ఇప్పటికీ దాన్ని తలుచుకోక తప్పదు. ఆమె అడిగింది చాలా మామూలు ప్రశ్న: ఒకరు మనకి ప్రతినిధి అంటే ఏంటి? మనలా ఉండటమా, మన కోసం పనిచెయ్యడమా?

తెలుగులో ఈ తేడాకి మాటలు సిద్ధంగా ఉన్నాయి. ప్రతిబింబం, ప్రతినిధి. ప్రతినిధి అన్న సంస్కృత మాటకి మూలార్థం 'ఒకరి స్థానంలో ఉంచబడినది'. అద్దంలో బొమ్మ అచ్చం నాలాగే ఉంటుంది కానీ నా బదులు వెళ్లి మాట్లాడదు. నా బదులు మాట్లాడే లాయరు నాలా ఉండక్కర్లేదు. మరి అసెంబ్లీలో కూర్చున్న దళిత ఎమ్మెల్యే ఏది? రిజర్వుడు ఏకసభ్య నియోజకవర్గం ప్రతిబింబానికి గ్యారంటీ ఇస్తుంది: గెలిచేది ఆ వర్గం మనిషే. కానీ చాలా ఎస్సీ రిజర్వుడు స్థానాల్లో ఎస్సీ ఓటర్లు మైనారిటీ. గెలుపు మిగతా కులాల చేతుల్లో ఉంటుంది, టికెట్ పార్టీ అధినేత చేతిలో ఉంటుంది. 1982 సెప్టెంబర్ 24న, పూనా ఒప్పందానికి సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజున, కాన్షీరామ్ 'చంచా యుగం' అన్న పుస్తకం తెచ్చింది ఈ కోపంతోనే.

పరిశోధకులు ఏమంటున్నారు? రోహిణి పాండే 2003లో రాష్ట్రాల లెక్కలు తీసి, శాసనసభలో రిజర్వు సీట్లు పెరిగినచోట ఆ వర్గాలకి ఉద్దేశించిన కోటాలు, ఖర్చు పెరిగాయని చూపించింది. ఫ్రాన్సెస్కా యెన్సేనియస్ నియోజకవర్గాల స్థాయిలో, ఒకేలాంటి రిజర్వుడు, జనరల్ స్థానాల్ని జతలుగా పెట్టి పోల్చింది. 1971 నుంచి 2001 మధ్య అభివృద్ధి సూచికల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. దళిత నాయకులు రాజకీయాల ప్రధాన స్రవంతిలోకి రావడం, వాళ్ల పట్ల పై వర్గాల ప్రవర్తన మారడం లాంటివి మాత్రం జరిగాయంటుంది. ఈ రెండూ పైకి ఢీకొన్నట్టున్నా, నాకు అలా అనిపించదు. రాష్ట్రం మొత్తం మీద గుంపుగా ఉన్నప్పుడు వాళ్ల మాటకి బలం ఉంటుంది. ఎవరి నియోజకవర్గంలో వాళ్లు ఒంటరిగా ఉన్నప్పుడు, తమకి ఓటేసిన మెజారిటీని నొప్పించే పని చెయ్యలేరు.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175కి 29 ఎస్సీ, 7 ఎస్టీ స్థానాలు. తెలంగాణలో 119కి 19, 12. చట్టం ప్రకారం మిగిలిన వాటిలో కూడా ఎస్సీలు, ఎస్టీలు పోటీ చెయ్యొచ్చు, 1959 తీర్పు నాటి సూత్రం చెక్కుచెదరలేదు. కానీ 'జనరల్' అన్న మాటకి మన రాజకీయ భాషలో అర్థం మారిపోయింది. జనరల్ అంటే అందరిదీ అని కాదు, రిజర్వుడు కానివాళ్లది అని. ఆ సీటుకి దళితుడికి టికెట్ ఇవ్వడమే వార్త. 2024లో ఫైజాబాద్ జనరల్ స్థానం నుంచి పాసీ కులస్థుడు అవధేష్ ప్రసాద్ గెలిస్తే దేశమంతా మాట్లాడుకుంది. అంత మాట్లాడుకున్నామంటేనే అది ఎంత అరుదో తెలుస్తోంది. పార్వతీపురం ఓటర్లు అదే పనిని 1957లోనే, ఏ పార్టీ అధినేతా ఔదార్యం చూపకుండానే, రెండు కాగితాలు రెండు పెట్టెల్లో వేసి చేసేశారు.

వి.వి. గిరి కథ అక్కడితో ఆగలేదు. గవర్నరయ్యారు, ఉపరాష్ట్రపతి అయ్యారు, 1969లో రాష్ట్రపతి పదవికి స్వతంత్రుడిగా నిలబడ్డారు. ఎదుట కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, 1957లో గిరి ఓడినప్పుడు మన ముఖ్యమంత్రి ఆయనే. రాష్ట్రపతి ఎన్నికలో పద్ధతి వేరు, ఓటరు ప్రాధాన్య క్రమంలో అంకెలు వేస్తాడు. మొదటి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కి 1,12,769. ఎవరికీ సగం దాటలేదు. రెండో ప్రాధాన్యాలు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. మామూలు పద్ధతిలో అయినా గిరే గెలిచేవారు, ముందున్నది ఆయనే కదా. కానీ సగం దాటిన మద్దతు తనకుందని చెప్పుకునే హక్కు ఆయనకి ఇచ్చింది ఆ రెండో అంకె. ఓటరు మనసులో రెండో మాట కూడా ఉంటుందని, దాన్ని వినే పద్ధతి పెట్టొచ్చని మనకి తెలుసు. రాష్ట్రపతి భవన్ కోసం దాన్ని వాడుతున్నాం. గ్రామంలో ఓటరుకి మాత్రం 1961 నుంచి ఒకటే మాట.

ఇదంతా పాత కథ అనుకోవడానికి లేదు. 2023లో 106వ రాజ్యాంగ సవరణ మహిళలకి మూడోవంతు సీట్లు కేటాయించింది. పునర్విభజన జరిగిన ప్రతిసారీ ఆ సీట్లు మారతాయి. మహిళా రిజర్వేషన్ మీద దశాబ్దాలుగా సాగిన చర్చలో ద్విసభ్య నియోజకవర్గాల ఆలోచన మళ్లీ మళ్లీ పైకొచ్చింది, మళ్లీ మళ్లీ పక్కకెళ్లింది. ఎన్ని సీట్లు అన్నదాని మీద మనం గంటలు గంటలు వాదించుకుంటాం. ఆ సీటుకి ఓటేసేది ఎవరు, ఎన్ని ఓట్లు, ఏ క్రమంలో లెక్కపెడతారు, ఆ సీటు బయట ఆ మనిషికి దారి ఉందా లేదా అన్నవి గుమాస్తాల పనిగా వదిలేస్తాం. 1932లో 148 అన్న అంకె మీద అందరి కళ్లూ ఉన్నప్పుడు, ఓటేసే చేతులు మారిపోయాయి.

ఈసారి ఎవరైనా రావి నారాయణ రెడ్డి ఓట్ల సంగతి ఎత్తితే, ఆయన పక్కన ఇంకెవరు గెలిచారో అడిగి చూడండి. ఆ పేరు చెప్పాక, ఆ పేరు మనకెందుకు తెలియలేదో మాట్లాడుకోవచ్చు.